పిప్పిపన్నుకు జీతంతో సెలవు ఇవ్వాల్సిందే!

శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనిచేసే అక్కలారా, అన్నలారా, తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా!

మొన్న రాత్రి షిఫ్టులో మన తోటి చెల్లెలొకామె లైనులోనే కూలబడింది. కింది దవడ పన్ను పుచ్చి నెలలైంది. ఆ రాత్రికి గడ్డం కింద నుంచి మెడ దాకా రాయిలా వాచింది. నోరు తెరుచుకోలేదు. ఉమ్మి మింగలేక కర్చీఫులోకి కారుస్తోంది. చెన్నైకి తీసుకెళ్తే మెడ దగ్గర కోసి చీము తీశారు, గొంతులో గొట్టం వేసి ఊపిరి నిలబెట్టారు. ఆమె బ్యాగులో టిఫిన్ డబ్బా పక్కన సగం అయిపోయిన డైక్లోఫెనాక్ నొప్పి మాత్రల షీటు దొరికింది.

ఈ జబ్బు కొత్తదేం కాదు. 1836లోనే లుడ్విగ్ అనే జర్మన్ డాక్టరు దీన్ని వివరించాడు. యాంటీబయాటిక్స్ రాకముందు ఇది వచ్చినవాళ్ళలో సగానికి పైగా చనిపోయేవాళ్ళు. నాలుక కింద వాపు పెరిగి శ్వాస మూసుకుపోతుంది. పంటిలో చీము ఒక్కోసారి మెదడు దాకా కూడా పోతుంది. 2007లో అమెరికాలోని మేరీలాండ్‌లో 12 ఏళ్ళ పిల్లాడు అలాగే చనిపోయాడు. ఆ పన్ను పీకించడానికి 80 డాలర్లు చాలేవి.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. పుచ్చిన పన్ను నొప్పి దానంతటదే ఆగిపోతే పన్ను బాగైందని కాదు, లోపలి నరం చచ్చి ఉండొచ్చు. అప్పుడే చీము వేరు కొస నుంచి ఎముకలోకి దిగుతుంది. లవంగ నూనె, పొగాకు, మెడికల్ షాపు మాత్ర నొప్పిని కప్పుతాయే గానీ పుచ్చును ఆపవు. ఖాళీ కడుపుతో రోజూ మింగే ఆ మాత్రలు కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి.

ఆ చెల్లెలు డాక్టరు దగ్గరికి ఎందుకు పోలేదో మనందరికీ తెలుసు. ఒక్కరోజు మానితే ఆ రోజు జీతం పోతుంది, దాంతోపాటు నెల మొత్తం అటెండెన్స్ బోనసూ పోతుంది. రూట్ కెనాల్ చాలాసార్లు ఒక్కపూటతో అవ్వదు, రెండు మూడు సార్లు పిలుస్తారు. అంటే రెండు మూడు రోజుల జీతం వదులుకోవాలి. కాంట్రాక్టు మనిషైతే మళ్ళీ పిలుస్తారో లేదోనన్న భయం అదనం. జ్వరమంటే సూపర్‌వైజర్ నమ్ముతాడు, పన్నునొప్పంటే నవ్వుతాడు. ఇంటి అద్దె, ఊళ్ళో అమ్మకు పంపే డబ్బు, తమ్ముడి ఫీజు అన్నీ ఆ బోనసు మీదే లెక్కేసుకున్న ఆడపిల్ల ఏం చేస్తుంది? మాత్ర వేసుకుని లైనులో నిలబడుతుంది. ఇది అజాగ్రత్త కాదు. మనిషి దవడలో చీము పెరుగుతుంటే హాజరుకు బహుమతి పెట్టి పనిలో నిలబెట్టే పద్ధతి ఇది. ఈ పద్ధతి పెట్టినవాళ్ళే ఆ మెడ మీద కోతకు బాధ్యులు!

ఆదివారం చూపించుకోవచ్చుగా అంటారు. ఆదివారం ఎన్ని క్లినిక్కులు తెరుస్తారో వాళ్ళే తిరిగి చూడాలి. సరిగ్గా బ్రష్ చేసుకోరనీ అంటారు. ప్రపంచంలో దాదాపు 200 కోట్ల మందికి పుచ్చుపళ్ళున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. వాళ్ళంతా బద్ధకస్తులా?

కార్మికుడికి జబ్బు చేస్తే వైద్యం హక్కని ఈఎస్ఐ చట్టం 1948లోనే చెప్పింది. నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్న మన దగ్గర జీతంలో 0.75 శాతం ఈఎస్ఐకి పట్టుకుంటున్నారు, యజమాని 3.25 శాతం కడుతున్నాడు. పన్ను మన ఒంటిలోది కాదా?

డెంటిస్టు చీటీ తెచ్చిన ప్రతి ఒక్కరికీ, కాంట్రాక్టు వాళ్ళతో సహా, ప్రతి సిట్టింగుకూ జీతంతో పూట సెలవు ఇవ్వాలి. దానికి బోనసు కోయకూడదు. సత్యవేడు, వరదయ్యపాళెం, తడ వైపు నుంచి వచ్చేవాళ్ళు షిఫ్టు దిగాక కూడా చూపించుకునేలా శ్రీసిటీలోనే ఈఎస్ఐ డెంటల్ చైర్ రాత్రి 9 గంటల దాకా నడపాలి. దవడ వాపుతో జ్వరమొచ్చినా, నోరు తెరుచుకోకపోయినా ఫస్ట్ ఎయిడ్ గదిలో మాత్ర ఇచ్చి లైనుకు తిప్పి పంపకుండా వెంటనే అంబులెన్స్ ఎక్కించాలి.

హాస్టళ్ళలో, బస్సుల్లో సంతకాల కాగితం తిరుగుతోంది. పేరు రాయండి, మీ లైనులో పన్ను పుచ్చినవాళ్ళ చేత కూడా రాయించండి. జీతాల రోజున అందరం కలిసి వెళ్ళి మేనేజ్‌మెంట్లకూ, ఈఎస్ఐ అధికారులకూ ఇద్దాం.