పియానో సహకారం

ఆహ్వానపత్రం ఇంకా నా బల్లమీదే ఉంది. మంచి దళసరి కాగితం. మధ్యలో పెద్దక్షరాల్లో సెల్లో వాయించే ఆయన పేరు. ఆ పేరు కింద ఆయన చదివిన సంగీత కళాశాల, ఆయన గురువులు, ఆయన కచేరీలు చేసిన నగరాలు. ఇంకా కిందికి వస్తే, తారీఖుకీ హాలు చిరునామాకీ మధ్య ఇరుక్కుని ఒక్క లైను: 'పియానో సహకారం', ఆ పక్కన ఒక స్త్రీ పేరు. ఆమె ఎక్కడ చదివిందో, ఎవరి దగ్గర నేర్చుకుందో ఒక్క ముక్క లేదు.

హైదరాబాదులో సెల్లో-పియానో కచేరీ అంటే అరుదే కాబట్టి నేను సంతోషంగానే వెళ్లాను. ఆ రోజు వాయించినవి మూడు సొనాటాలు. బేతోవెన్ ఓపస్ 69, బ్రామ్స్ ఓపస్ 38, విరామం తర్వాత రహ్మానినొవ్ ఓపస్ 19. ఈ సంగీతంతో కాస్త పరిచయం ఉన్నవాళ్లకి ఈ జాబితా చూడగానే నవ్వొస్తుంది. పియానోని 'సహకారం' అని పిలవడానికి వీటికంటే తప్పుడు కృతులు వెతుకుదామన్నా దొరకవు.

బేతోవెన్ తన మొదటి రెండు సెల్లో సొనాటాలు 1796లో బెర్లిన్‌లో రాశాడు. వాటిని అచ్చువేసినప్పుడు ముఖపత్రం మీద ముందు కీబోర్డు వాద్యం పేరు, తర్వాత సెల్లో. అంటే ఆనాటి లెక్కలో తోడు వచ్చింది సెల్లోయే. అంతకు ముందు పియానో ఎడమచేతి మంద్రస్వరాలని బలపరచడమే చాలాచోట్ల దాని పని. ఓపస్ 69 నాటికి, అంటే 1808కి, ఆయన ఆ తగువు ఎంత అందంగా తీర్చాడో వినాలి. సెల్లో ఒక్కటే నోరు విప్పుతుంది. పియానో ఆ మాట అందుకుని పూర్తిచేసి చిన్న విహారం చేస్తుంది. వెంటనే పాత్రలు మారతాయి. ఇప్పుడు మాట పియానోది, విహారం సెల్లోది. నువ్వు ముందా నేను ముందా అన్న ప్రశ్నని ఒక్క నిమిషంలో అర్థం లేనిదిగా చేసేశాడు. బ్రామ్స్ అయితే తన ఇ మైనర్ సొనాటాని పియానోకీ సెల్లోకీ అని, ఆ వరసలోనే పేరు పెట్టి అచ్చువేశాడు. దాని చివరి భాగంలో ఫ్యూగ్‌ని మొదలుపెట్టేది పియానో. ఆయన ఒకసారి ఈ సొనాటా వాయిస్తుంటే, నా సెల్లో నాకే వినబడటం లేదని పక్కనున్నాయన గోలపెట్టాడట. నీ అదృష్టం అన్నాడట బ్రామ్స్. ఇక రహ్మానినొవ్. ఆ సొనాటాలో పియానో పని చూస్తే చేతులు నొప్పి పుడతాయి, మనవి కాకపోయినా.

ఇవన్నీ ఆ సాయంకాలం ఆమె వాయించింది. పక్కన ఒక విద్యార్థిని నిలబడి పేజీలు తిప్పింది. ఆ అమ్మాయికైతే 'సహకారం' అన్న లైను కూడా దక్కలేదు. కచేరీ అయ్యాక వేదిక మీదికి వచ్చిన పెద్దలు సెల్లో ఆయన గురించి పది నిమిషాలు మాట్లాడారు. ఆమె గురించి, ఆమె చీర మన సంప్రదాయానికి తగ్గట్టుగా ఉందని ఒక్క వాక్యం అన్నారు.

ఇదంతా ఒక మాట గురించి రాద్ధాంతం అనిపించవచ్చు. అచ్చు పనివాడి పొరపాటు అని కూడా నాతో ఒకరన్నారు. కానీ ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. యూరప్‌లో మధ్యతరగతి ఆడపిల్లలకి పియానో నేర్పించింది వాళ్లు సంగీత విద్వాంసులు కావాలని కాదు. కూర్చున్న చోట ఒద్దికగా, కాళ్లు దగ్గర పెట్టుకుని, ముఖంలో కష్టం కనబడకుండా వాయించవచ్చని. సెల్లో అలా కుదరదు. కార్ల్ లూడ్విగ్ యుంకర్ అనే జర్మన్ పెద్దమనిషి 1784 నాటి ఒక సంగీత పంచాంగంలో, స్త్రీలు ఏ వాద్యాలు ముట్టకూడదో ఒక వ్యాసమే రాశాడు. అందులో సెల్లో ఉంది. కారణం అది వాయించడం కష్టమని కాదు. ఆ వాద్యాన్ని కాళ్ల మధ్య పెట్టుకోవాలి, ఛాతీ మీదికి వంగాలి. చూసేవాళ్లకి వేరే ఆలోచనలు వస్తాయి! ఆలోచనలు చూసేవాడివి, శిక్ష వాయించేదానికి. ఈ తర్కం మనకి కొత్త కాదు కదా.

ఆ నిషేధాన్ని దాటిన వాళ్లు కూడా దానికి సుంకం కట్టారు. రెండు కాళ్లూ ఒక పక్కకే తిప్పుకుని, గుర్రం మీద దొరసానుల్లా కూర్చుని సెల్లో వాయించడం స్త్రీల కోసమే ఒక పద్ధతిగా నేర్పారు. నడుం మెలితిరిగిపోయే ఆ భంగిమలో సాధన చేసి, ఆ తర్వాత మగవాళ్లతో పోలికలో 'ధ్వని చిన్నది' అనిపించుకోవాలి. లీజ్ క్రిస్టియాని 1845లో పారిస్‌లో మొదటి కచేరీ చేసినప్పుడు ఆమెకి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. మెండెల్సన్ ఆమెకి ఒక కృతి అంకితమిచ్చాడు. ఆమె తన స్ట్రాడివారి సెల్లోని వెంటేసుకుని సైబీరియా దాకా వెళ్లి వాయించి, 1853లో రష్యాలోనే కలరాతో పోయింది. ఇంతటి మనిషి గురించి మన సంగీతాభిమానులని అడిగి చూడండి. అంకితమిచ్చిన ఆయన పేరు తెలుస్తుంది.

పక్కన కూర్చునే పియానిస్టుని చిన్నచూపు చూడటం ఆడవాళ్లకే జరగలేదు, నిజమే. జెరాల్డ్ మూర్ అంతటి వాడు 1962లో తన జ్ఞాపకాల పుస్తకానికి 'నేను మరీ గట్టిగా వాయిస్తున్నానా?' అని పేరు పెట్టుకున్నాడు. కానీ ఆయన ఆ మాటని హాస్యంగా అనగలిగాడు. ఆడదానికి అదే ప్రశ్న పుట్టింట్లో మొదలై అత్తింట్లో కొనసాగేది. పక్క కుర్చీ మగవాడికి ఒక ఉద్యోగం. ఆడది కూర్చుంటే అది స్వభావం అంటారు.

మన దగ్గర 'పక్కవాద్యం' అన్న మాట ఉండనే ఉంది. ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్‌ని పక్కనుంచి లేపి మధ్యలో కూర్చోబెట్టారని గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ పక్కన ఉన్నంతకాలం అది తక్కువెందుకైంది అని ఎవరూ అడగలేదు. పైగా ఆ పక్క స్థానమైనా స్త్రీ మధ్యలో ఉంటే మగవాడికి నామోషీ అయింది. పాల్ఘాట్ మణి అయ్యర్ ఎన్నో ఏళ్లు స్త్రీల గాత్రకచేరీలకి మృదంగం వాయించలేదు. ఆ పట్టు సడలింది డి.కె. పట్టమ్మాళ్ దగ్గర. వాళ్లిద్దరూ వియ్యంకులు కూడా. అంటే పక్కన కూర్చోవడమే అవమానం కాదు, ఎవరి పక్కన అన్నదే అసలు సంగతి.

కచేరీ తర్వాత నిర్వాహకుల్లో ఒక పెద్దాయనని ఇంకో మాట కూడా అడిగాను. మూడు కృతుల్లో ఒక్కటైనా స్త్రీ రాసింది పెట్టలేదేమని. ఆయన చాలా వాత్సల్యంగా, 'ఆ కాలంలో ఆడవాళ్లు రాయలేదమ్మా. రాసుంటే మేం వేయమా?' అన్నారు.

నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే ఈ వాక్యం నాకు కంఠతా వచ్చు. సాహిత్యంలో పరిశోధన చేస్తున్నన్నాళ్లూ నేను విన్నది ఇదే. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లో అచ్చయింది, గురజాడ 'దిద్దుబాటు' 1910లో. అయినా తొలి తెలుగు కథ గురించి మా తరగతి గదుల్లో ఎన్నేళ్లు ఏం చెప్పారో మీకందరికీ తెలుసు. రాయలేదు అన్న మాటకి అర్థం, నేను వెతకలేదు అని.

వెతికితే ఎంతసేపు? లూయీజ్ ఫారెంక్ పారిస్ సంగీత కళాశాలలో 1842 నుంచి ముప్ఫై ఏళ్లు పియానో ప్రొఫెసరు. మగ ప్రొఫెసర్లతో సమాన జీతం కోసం అడిగి, 1850లో తన నోనెట్‌కి వచ్చిన పేరు తర్వాత సాధించుకున్న మనిషి. సెల్లోకీ పియానోకీ ఆమె రాసిన బి ఫ్లాట్ సొనాటా, ఓపస్ 46, దొరుకుతుంది. జర్మనీలో ఎమీలీ మాయర్ సెల్లో సొనాటాలు ఆమె బతికుండగానే అచ్చయ్యాయి. ఫానీ మెండెల్సన్‌కి తమ్ముడు ఫేలిక్స్ ఒక్కడే కాదు, సెల్లో వాయించే పౌల్ కూడా ఉన్నాడు. ఫానీ సెల్లో-పియానోలకి జి మైనర్‌లో ఫాంటసీ రాసింది. ఆమెకి పద్నాలుగేళ్లున్నప్పుడే, 1820లో, తండ్రి ఉత్తరం రాశాడు. సంగీతం తమ్ముడికి వృత్తి కావచ్చు గానీ నీకు మాత్రం అలంకారమే కావాలని దాని సారాంశం. ఆమె పాటలు కొన్ని ఆ తమ్ముడి పేరుతోనే అచ్చయ్యాయి. తన పేరుతో ఓపస్ 1 వేసుకున్నది 1846లో. మరుసటేడు చనిపోయింది.

రెబెక్కా క్లార్క్ సంగతి ఇంకా చెప్పాలి. 1918లో న్యూయార్క్‌లో ఆమె, సెల్లో వాయించే మే మ్యూకిల్ కలిసి కచేరీ చేశారు. కార్యక్రమం నిండా తన పేరే ఉంటే బాగుండదని, ఒక కృతి కింద మాత్రం ఆంటొనీ ట్రెంట్ అని మగపేరు వేసింది. విమర్శకులకి ట్రెంట్ గారే ఎక్కువ నచ్చారు! మరుసటేడు ఎలిజబెత్ స్ప్రేగ్ కూలిడ్జ్ పెట్టిన పోటీకి వయోలా సొనాటా పంపింది. పేర్లు లేకుండా పరిశీలించిన డెబ్బైకి పైగా కృతుల్లో న్యాయనిర్ణేతలు ఎటూ తేల్చలేక రెండింటి దగ్గర సమానంగా చీలిపోయారు. కూలిడ్జ్ ఓటుతో మొదటి బహుమతి ఎర్నెస్ట్ బ్లోక్‌కి వెళ్లింది. రెండోది రాసింది స్త్రీ అని తెలిశాక, అదీ బ్లోక్ రాసిందేనని, రెబెక్కా క్లార్క్ అన్నది ఆయన మారుపేరేనని పుకారు పుట్టింది. ఆ సొనాటాని సెల్లోతో కూడా వాయించవచ్చు, 1921లో అచ్చయింది అలాగే. 1923లో కూలిడ్జ్ అడిగితే సెల్లో-పియానోలకి ఒక రాప్సొడీ రాసింది. తొలిసారి వాయించింది మే మ్యూకిల్, మైరా హెస్. రాసినది స్త్రీ, సెల్లో స్త్రీ, పియానో స్త్రీ, డబ్బు ఇచ్చింది స్త్రీ. అయినా ఆ కృతి క్లార్క్ జీవితకాలంలో అచ్చు కాలేదు. ఆమె 93 ఏళ్లు బతికింది.

ఎక్కడో యూరప్‌లో బ్యాంకర్ల కూతుళ్ల బాధ మనకెందుకని మన పత్రికలోనే కొందరు స్నేహితులు అడుగుతారు. అడగాలి. ఫానీ ఇంట్లో వంట ఫానీ చేయలేదు. నేనిక్కడ వాళ్లని పూజించమనడం లేదు. 'సహకారం' అన్న మాట ఎవరి పనిని మింగేస్తుందో చూడమంటున్నాను. అలా చూస్తూ, ఆ రాత్రి ఇంటికొచ్చి నా సిద్ధాంతగ్రంథం తీశాను. కృతజ్ఞతల పేజీలో పర్యవేక్షకుడికి ఒక పేరా ఉంది. గ్రంథాలయాల వాళ్లకి ఒక పేరా. మా అమ్మకి ఒక లైను, 'అమ్మ అందించిన సహకారానికి' అని. మూడేళ్లు నా కూతురిని పెంచింది, స్నానాలు, జ్వరాలు, అక్షరాభ్యాసంతో సహా. నా అధ్యాయాలు చదివి, 'ఈ వాక్యం నాకర్థం కాలేదే' అని పెన్సిల్‌తో గీత పెట్టింది. ఆ గీతల్లో సగం చోట్ల నేను తిరగరాశాను. మా ఇంట్లో గిన్నెలు తోమిన మనిషికి ఆ లైను కూడా లేదు. అంటే ఆహ్వానపత్రం అచ్చువేసిన వాళ్లకీ నాకూ తేడా కాగితం దళసరిలోనే. ఈ వ్యాసం రాయాలని కూర్చుని రెండు వారాలు రాయలేకపోయింది అందుకే.

అమ్మకి ఆ పేజీ చూపించి చెప్పాను. 'దానికిప్పుడు ఏం చేస్తావు, అచ్చయిపోయిందిగా' అంది.

నిర్వాహకులకి మాత్రం ఉత్తరం రాశాను. రెండే కోరికలు. ఒకటి, ఇద్దరి పేర్లూ ఒకే పరిమాణంలో వేయండి, పేజీలు తిప్పే వాళ్ల పేరుతో సహా. రెండు, వచ్చే కార్యక్రమంలో ఈ నలుగురిలో ఒకరి కృతి పెట్టండి. నాలుగు పేర్లూ, కృతుల వివరాలూ రాసి పంపాను. పది రోజులకి మర్యాదగా జవాబొచ్చింది. కృతుల విషయం పరిశీలిస్తారట. కిందన, 'మీ అమూల్యమైన సహకారానికి ధన్యవాదాలు' అని ఉంది.

ఫారెంక్ సొనాటా స్వరలిపి జతచేసి మళ్లీ రాశాను.