బోట్లు ఉన్నాయి సరే, ఇంజిన్ స్టార్ట్ అవుతుందా?

వానాకాలం వస్తోందంటే చాలు, జిల్లా కేంద్రాల్లో సమీక్షలు మొదలవుతాయి. ఎన్ని బోట్లు ఉన్నాయి, ఎంతమంది గజ ఈతగాళ్లు ఉన్నారు, ఎన్ని లైఫ్ జాకెట్లు సిద్ధం చేశారు అని లెక్కలు చదువుతారు. మరుసటి రోజు పేపర్లో 'సర్వం సిద్ధం' అని వార్త వస్తుంది. కానీ ఆ సమీక్షల్లో చాలా అరుదుగా వినిపించే ప్రశ్న ఒకటుంది. ఆ బోట్ల ఇంజిన్లు చివరిసారిగా ఎప్పుడు స్టార్ట్ చేశారు?

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ వరద నీటి మధ్యలో మోటారు ఆగిపోయిన బోటుకు, కొట్టుకుపోతున్న దుంగకు పెద్ద తేడా ఉండదు. తెలుగు రాష్ట్రాల్లో గత కొన్నేళ్లుగా వచ్చిన వరదలు చూస్తే, ఈ ప్రశ్న ఎందుకు అడగాలో అర్థమవుతుంది.

వరద చెప్పిన పాఠం

2020 అక్టోబర్‌లో హైదరాబాద్ పాతబస్తీని వరద ముంచెత్తింది. ఫలక్‌నుమా దగ్గరి అల్ జుబైల్ కాలనీ, హఫీజ్ బాబా నగర్ వంటి చోట్ల వీధుల్లో బోట్లు తిరగాల్సి వచ్చింది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అక్కడ మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు విజయవాడను ముంచితే లక్షల మంది నీళ్లలో చిక్కుకున్నారు. పాలు, మంచినీళ్లు, మందులు బోట్ల మీద కూడా వెళ్లాయి. అదే సమయంలో ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్ నగర్ వంతెన మీద 9 మంది చిక్కుకుపోతే, చివరకు వాళ్లను ఒడ్డుకు చేర్చింది ఒక జేసీబీ డ్రైవర్ ధైర్యం.

ఆ ధైర్యానికి సలాం చెప్పాల్సిందే. అయితే ప్రభుత్వ వ్యవస్థ ఎప్పుడూ ఒక మనిషి ధైర్యం మీద ఆధారపడకూడదు. 2024 వరదల తర్వాత తెలంగాణలో ప్రత్యేకంగా విపత్తు స్పందన దళం ఏర్పాటు చేశారు, మంచిదే. కొత్త పరికరాలు కొన్న రోజు జెండా ఊపుతారు, ఫొటోలు దిగుతారు. రెండేళ్ల తర్వాత ఆ బోటు ఏ స్టోర్ రూములో ఏ స్థితిలో ఉందో చూసేది ఎవరు? కొనడానికి డబ్బులు దొరుకుతాయి. 200 రూపాయల గేర్ ఆయిల్‌కి, ఒక రబ్బరు ఇంపెల్లర్‌కి మాత్రం ఫైలు కదలదు. అసలు సమస్య ఇక్కడే ఉంది.

వాడితే పాడవదు, పెడితే పాడవుతుంది

సహాయ చర్యల్లో వాడే రబ్బరు బోట్లకు, చిన్న ఫైబర్ బోట్లకు వెనక తగిలించే ఇంజిన్‌ని అవుట్‌బోర్డ్ మోటారు అంటారు. కారు ఇంజిన్‌కి రేడియేటర్ ఉంటుంది. దీనికి ఉండదు. నది నీళ్లే లోపలికి తోడుకుని చల్లబరుచుకుంటుంది. ఆ తోడే పని చేసేది ఒక చిన్న రబ్బరు చక్రం. దాన్నే ఇంపెల్లర్ అంటారు. వరద నీళ్లలో బురద, ఇసుక ఎక్కువ. అవి రబ్బరును అరగదీస్తాయి, నీటి దారులను మూసేస్తాయి. నెలల తరబడి మూలన పడి ఉంటే రబ్బరు వంగి గట్టిపడిపోతుంది.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు వెనక పక్క నుంచి సన్నగా ఒక నీటి ధార బయటకు వస్తుంటుంది. ఆ ధార వస్తేనే ఇంజిన్ లోపల చల్లగా ఉన్నట్టు. అది సన్నబడినా, ఆగినా వెంటనే ఇంజిన్ ఆపేయాలి. ఈ ఒక్క గుర్తు తెలియక ఇంజిన్లు కాలిపోతుంటాయి. గట్టు మీద 'ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం' అని నీళ్లు లేకుండా నడిపినా అదే గతి. కొద్దిసేపట్లోనే ఇంపెల్లర్ దెబ్బతింటుంది. పరీక్షించాలంటే ఇంజిన్ కింది భాగాన్ని మంచినీళ్ల డ్రమ్ములో దించి, న్యూట్రల్‌లో పెట్టి నడపాలి.

ఉప్పు నీళ్లలోనో, బురద నీళ్లలోనో తిరిగి వచ్చిన ప్రతిసారీ ఇలాగే పది నిమిషాలు మంచినీళ్లతో కడగాలి. తర్వాత ఇంజిన్‌ని నిలువుగా ఉంచి లోపలి నీళ్లు పూర్తిగా కారనివ్వాలి. ఖర్చు లేని పని ఇది. దీన్ని మానేసినందుకే వేల రూపాయల రిపేర్లు వస్తాయి.

గేర్ ఆయిల్ సంగతీ అంతే. సాధారణంగా 100 గంటల వాడకానికి ఒకసారి, లేదా ఏడాదికి ఒకసారి మార్చాలి. తీసినప్పుడు ఆయిల్ పాలలా తెల్లగా కనిపిస్తే సీలు పోయి లోపలికి నీళ్లు చేరాయని అర్థం. ప్రొపెల్లర్ వెనక నైలాన్ దారం, వల ముక్కలు చుట్టుకుంటే ముందు దెబ్బతినేది ఆ సీలే. వరదల్లో అయితే చీరలు, ప్లాస్టిక్ సంచులు, కేబుల్ వైర్లు కూడా చుట్టుకుంటాయి. అందుకే అప్పుడప్పుడూ ప్రొపెల్లర్ విప్పి చూడాలి.

ఇంజిన్ కింది భాగంలో జింకు లేదా అల్యూమినియం ముక్క ఒకటి బిగించి ఉంటుంది. నీళ్ల వల్ల వచ్చే తుప్పును అది తన మీద వేసుకుని మిగతా ఇంజిన్‌ని కాపాడుతుంది. సగం అరిగిందంటే మార్చేయాలి. కొందరు అందంగా ఉంటుందని దాని మీద కూడా రంగు పూస్తారు. రంగు పూస్తే అది పని చేయదు.

ఈ-20 చర్చలో బోట్లను మరిచారు

2025లో దేశమంతా ఈ-20 పెట్రోల్ గురించి మాట్లాడుకుంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్‌తో బండి మైలేజీ తగ్గుతుందా, పాత కార్ల పైపులు పాడవుతాయా అని టీవీల్లో చర్చలు జరిగాయి. ఆ చర్చల్లో బోట్ల ఊసు దాదాపు రాలేదు. నిజానికి ఎక్కువ ఇబ్బంది వీటికే.

ఇథనాల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. రోజూ తిరిగే బైకులో పెట్రోల్ వారంలో అయిపోతుంది కాబట్టి పెద్ద ప్రమాదం లేదు. బోటు అలా కాదు. ఉండేది నీటి పక్కన, వాడేది ఏడాదికి కొద్ది రోజులు. ట్యాంకులో నెలల తరబడి ఉన్న పెట్రోల్‌లో తేమ పరిమితి దాటితే నీళ్లు, ఇథనాల్ కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. ఇంజిన్‌కి వెళ్లే పైపు ఇంధనం తీసుకునేది కూడా ఆ అడుగు నుంచే. ఇంకేముంది, సరిగ్గా అవసరమైన రోజు ఇంజిన్ దగ్గుతుంది, ఆగుతుంది. పైగా చాలా అవుట్‌బోర్డ్ ఇంజిన్ల మాన్యువల్స్‌లో ఇథనాల్ 10 శాతం మించొద్దని రాసి ఉంటుంది.

బంకులో దొరికేది ఈ-20 అయినప్పుడు వాడేవాళ్లు ఏం చేయాలి? పెట్రోల్ నిల్వ పెట్టొద్దు. పని అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో మిగిలింది కూడా వంపేయాలి. నీటిని వేరు చేసే ఫిల్టర్ పెట్టుకోవాలి. పాత రబ్బరు పైపులు, ప్రైమర్ బల్బు మెత్తబడ్డాయేమో చూసి మార్చాలి. ప్రభుత్వం వైపు నుంచి కూడా ఒక పని జరగాలి. సహాయ బోట్లకు, మత్స్యకారుల పెట్రోల్ ఇంజిన్లకు ఏ ఇంధనం సురక్షితమో స్పష్టమైన సూచనలు ఇవ్వాలి.

మత్స్యకారుడి లెక్క వేరు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి మర బోట్లు, మోటారు బోట్లు సముద్రంలోకి వెళ్లకూడదు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మరమ్మతులు జరిగేది ఈ రెండు నెలల్లోనే. బోటును ఒడ్డుకు లాగి అడుగున పట్టిన గుల్లలు గీకడం, పగుళ్లు పూడ్చడం, రంగు వేయడం, ఇంజిన్ దించి విప్పడం అన్నీ అప్పుడే.

మరి డబ్బు? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధ కాలపు భృతిని 2025లో 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచింది. ఇది మంచి నిర్ణయమే. కానీ ఆ డబ్బు ఇంటి పొయ్యి వెలగడానికి. బోటు మరమ్మతుకు చాలా మంది చేపల వ్యాపారి దగ్గర అడ్వాన్స్ తీసుకుంటారు. అడ్వాన్స్ తీసుకున్నాక పట్టిన చేప అతనికే, అతను చెప్పిన రేటుకే. రేటు తక్కువ వస్తే చేతిలో మిగిలేది తక్కువ. వచ్చే ఏడాది మరమ్మతుకు మళ్లీ అప్పే. ఈ గొలుసులో చివరకు వాయిదా పడేది 'ఇంకో సీజన్ లాగిద్దాం' అనుకున్న ఇంజిన్ పనే. ఒడ్డుకు దూరంగా, గాలివాన మొదలయ్యాక ఆ ఇంజిన్ ఆగితే ఎవరి ప్రాణం పోతుందో వేరే చెప్పక్కర్లేదు.

డీజిల్‌కి సబ్సిడీ ఉంది, వలలకు పథకాలు ఉన్నాయి. నిషేధ కాలంలో మరమ్మతుకు వడ్డీ లేని చిన్న రుణం, రేవుల్లో శిక్షణ పొందిన మెకానిక్, అసలైన స్పేర్ పార్టులు దొరికే దుకాణం ఉంటే ఆ గొలుసు తెగుతుంది.

ప్రయాణికుల బోట్లు: చట్టం ఉంది, చూపు లేదు

2017 నవంబర్‌లో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర కృష్ణాలో, 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో, 2023 మే 7న కేరళలోని తానూరులో బోట్లు మునిగాయి. కచ్చులూరులో 77 మంది ఎక్కితే 26 మందే బయటపడ్డారు. తానూరులో 22 మంది చనిపోయారు. ఈ ప్రమాదాలన్నీ ఇంజిన్ లోపాలతో జరిగినవి కావు. అనుమతి లేకపోవడం, పరిమితికి మించి ఎక్కించుకోవడం, వరదలో నడపడం లాంటి కారణాలు బయటికొచ్చాయి. కానీ మూలం ఒక్కటే. బయలుదేరే ముందు బోటును ఎవరూ సరిగ్గా చూడలేదు, చూసినా ఆపలేదు.

1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో కేంద్రం కొత్త ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం తెచ్చింది. రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, నడిపేవాళ్లకు అర్హత తప్పనిసరి. కాగితం మీద బాగానే ఉంది. అయితే సర్వే అనేది ఒక రోజు జరిగే పని. మిగతా 364 రోజులూ బోటును చూసుకోవాల్సింది యజమాని, సరంగు. వాళ్ల దగ్గర ఒక లాగ్ బుక్కు ఉందా, ఆయిల్ ఎప్పుడు మార్చారు, అడుగున చేరిన నీళ్లు తోడే పంపు పని చేస్తోందా అని అడిగే అలవాటు అధికారులకూ లేదు, ఎక్కే మనకూ లేదు.

కట్టేయడం కూడా సంరక్షణే. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు ఎగువ నుంచి కొట్టుకొచ్చిన భారీ పడవలు గేట్లను గుద్దుకున్నాయి. కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. మోకు, లంగరు గట్టిగా లేకపోతే ఒకరి పడవ ఊరందరికీ ముప్పు అవుతుందని అప్పుడు తేలింది.

ఏం చేయొచ్చు?

పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ప్రతి సహాయ బోటును నెలకోసారి నీళ్లలో దించి పావుగంట నడపాలి, తేదీ రాసి సంతకం పెట్టాలి. బోటు కొన్నప్పుడే ఐదేళ్ల నిర్వహణ ఖర్చు కూడా కేటాయించాలి. ప్రతి బోటుతో పాటు స్పార్క్ ప్లగ్గులు, ఇంపెల్లర్, స్టార్టర్ తాడు, పానాలు, తెడ్లు ఉన్న ఒక సంచి ఉండాలి. వర్క్‌షాపుల్లో రోజూ ఇంజిన్లు విప్పే కుర్రాళ్లు పాతబస్తీలోనూ, విజయవాడ ఆటోనగర్‌లోనూ వేలల్లో ఉన్నారు. వాళ్లలో కొందరికి అవుట్‌బోర్డ్ మోటార్ల మీద శిక్షణ ఇస్తే వరద రోజున బయటి జిల్లా నుంచి మెకానిక్ కోసం ఎదురుచూడనక్కర్లేదు, వాళ్లకూ ఒక ఉపాధి.

వరద అనుభవంతో సొంతంగా బోటు కొనాలనుకునే మసీదు కమిటీలు, యువజన సంఘాలు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. చందాలతో కొనడం ఒక ఎత్తు, దాన్ని ఏడాది పొడవునా సిద్ధంగా ఉంచడం మరో ఎత్తు. చూసుకునే మనిషి ఎవరో తేలకముందే బోటు కొనొద్దు.

ఇక పాపికొండలకో, నాగార్జునసాగర్‌కో పిల్లల్ని తీసుకెళ్లే మనం కూడా ఎక్కే ముందు కాస్త చూసుకోవాలి. లైఫ్ జాకెట్ ఇస్తే బెల్టు లాగి చూడాలి. ఎండకు కుట్లు పిగిలి, లోపలి ఫోమ్ అణిగిపోయిన జాకెట్ మనిషిని తేల్చదు. అడుగున నీళ్లు నిలిచి ఉంటే, డీజిల్ వాసన గుప్పుమంటే ఎందుకని అడగాలి. జవాబు సరిగ్గా రాకపోతే దిగిపోవాలి. పోయేది టికెట్ డబ్బులే.

వరద మనకు చెప్పి రాదు. కానీ జూన్ నెల మాత్రం ఏటా చెప్పే వస్తుంది. కలెక్టరేట్లలో జరిగే సమీక్షలో బోట్ల సంఖ్యతో పాటు, వాటిలో ఎన్ని ఈ వారం నీళ్లలో నడిచాయో కూడా చెప్పమని మన ప్రజాప్రతినిధులు అడగాలి. ఆ రెండు అంకెలూ ఒకటైన రోజే 'సర్వం సిద్ధం' అన్న మాటను నమ్మొచ్చు.