మూడు బండ్లు, ఒక జత ఎడ్లు

పిల్లలూ, ఒక రైతుకు మూడు బండ్లూ, ఒకే జత ఎడ్లూ ఉన్నాయనుకోండి. ఒక బండి ఇంటివద్ద నిండుతూ ఉంటుంది. ఒకటి సంతలో ఖాళీ అవుతూ ఉంటుంది. మూడవదాన్ని ఎడ్లు లాగుతూ ఉంటాయి. ఎడ్లకు ఊరికే నిలబడే పని లేదు.

సముద్రం మీద ఈ ఎడ్లజతే టగ్గు. పొట్టి నావ, గట్టి యంత్రం. బండి అంటే బార్జి. దానికి యంత్రం లేదు గనుక చవక.

ఏదీ, పలక తీయండి! ప్రయాణం 5 రోజులు, సరుకు ఎక్కించడానికి 3, దించడానికి 3 అనుకుందాం. మామూలు ఓడ 11 రోజులలో 5 రోజులే నడుస్తుంది. తక్కిన 6 రోజులూ యంత్రమూ, నావికులూ రేవులో కూర్చోవలసిందే. జీతాలు మాత్రం ఆగవు. టగ్గు అయితే ఒక బార్జిని వదిలి, సిద్ధంగా ఉన్న మరొకదాన్ని కట్టుకుని బయలుదేరుతుంది.

అయితే ఓడలెందుకు? టగ్గు నడక మందం. పెట్టెలాంటి బార్జిని తాడుతో లాగుతూ పరుగెత్తలేదు కదా! అమెరికాలోని జాక్సన్‌విల్ నుంచి ప్యూర్టోరికో ద్వీపానికి క్రౌలీ కంపెనీవారు 730 అడుగుల మూడంతస్తుల బార్జిలను చాలా ఏళ్ళు లాగించారు. ఆ ద్వీపంవారి తిండిలో ఎక్కువభాగం సముద్రం దాటి రావలసిందే. పళ్ళూ, కూరలూ దారిలో ఆలస్యమైతే ఏమవుతాయో మీకు తెలుసు. 2018లో ఆ కంపెనీయే గంటకు 40 కిలోమీటర్లు పోగల ఓడను ఆ దారిన పెట్టింది. పేరు ఎల్ కోకీ. కోకీ అంటే అక్కడ రాత్రిళ్ళు తన పేరే తాను అరిచే చిట్టికప్ప!

కంకరకూ, ఇసుకకూ తొందర లేదు. వాటికి టగ్గు చాలు. మరి ఎక్కించడానికీ, దించడానికీ ఒక్కొక్క రోజే పడితే టగ్గు లాభం ఎంత తగ్గుతుంది? లెక్క కట్టి చూడండి.