కారే కుళాయి కూడా పాఠమే



మొన్న తరగతిలో ఒక ప్రశ్న అడిగాను: "ఇంట్లో పైపు పగిలితే ముందు ఏం చేస్తారు?" దాదాపు అందరూ "ప్లంబర్‌కి ఫోన్ చేస్తాం మేడమ్" అన్నారు. మెయిన్ వాల్వ్ ఎక్కడుందో ఇద్దరికే తెలుసు. నీటి చక్రం బొమ్మ మాత్రం అందరూ తప్పు లేకుండా గీస్తారు!

తప్పు పిల్లలది కాదు. ఇంటి పనిని చదువు నుంచి వేరు చేసింది పెద్దవాళ్లమే. కాలానికో పని పిల్లలతో కలిసి చేస్తే చాలని నా అభిప్రాయం.

ఎండాకాలంలో కారే కుళాయి కింద రాత్రి బకెట్ పెట్టించండి. పొద్దున కొలిచి, ఏడాదికి ఎన్ని లీటర్లో లెక్క కట్టమనండి. 5,000 లీటర్ల ట్యాంకర్ కోసం మనం ఎంత ఎదురుచూస్తామో గుర్తు చేయండి. తర్వాత వాళ్ల ముందే వాషర్ మార్పించండి.

వానలకు ముందు ట్యాంకు, సంపు కడిగించి మూతలు బిగించండి. ఓవర్‌ఫ్లో పైపుకు జాలీ కట్టించండి. డెంగీ దోమ ఎక్కువగా నిల్వ ఉన్న మంచినీళ్లలో పెరుగుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే వారానికో డ్రై డే పాటించమంటారు. వానాకాలంలో జ్వరాలతో ఖాళీ అయ్యే బెంచీలు మాకు బాగా తెలుసు.

చలికాలంలో గీజర్ వేసే ముందు ఎర్తింగ్, సేఫ్టీ వాల్వ్ మెకానిక్‌కు చూపించండి.

పిల్లల్ని ట్యాంకు ఎక్కించమనడం లేదు. పక్కన నిలబెట్టి చూపించమంటున్నాను. హోంవర్క్‌కే టైమ్ చాలదంటారా? ఆదివారం అరగంట చాలు.

ఈ ఆదివారం వాల్వ్ చూపించండి. సోమవారం అదే ప్రశ్న మళ్లీ అడుగుతాను.