పైనుంచి చూస్తే సరిపోతుందా?



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మన యౌవనస్థుడొకడు ఫోన్ పట్టుకొచ్చి, "అయ్యగారూ, మన బోధన్ చూడుండ్రి" అని గూగుల్ ఎర్త్ తెరిచాడు. ఇద్దరం మంజీర వెంట వేలితో ప్రయాణం చేశాం. 1931లో పూర్తయిన నిజాంసాగర్, దాని కాలువలు, ఆ నీళ్లతో పచ్చబడ్డ పొలాలు, చివరికి కందకుర్తి దగ్గర మంజీర గోదావరిలో కలిసే చోటు. అవన్నీ నేను బండి మీద తిరిగిన ఊళ్లే. అయినా నది ఎన్ని వంపులు తిరిగి వస్తుందో అప్పుడే తెలిసింది. దేవుని చేతిపనిని బట్టి స్తోత్రం చెప్పుకున్నాను. ఫోన్‌లో ఏం చూసినా పాపమే అనే పెద్దలతో ఈ విషయంలో నేను ఏకీభవించను.

తర్వాత శక్కర్‌నగర్ వచ్చింది. 1937లో స్థాపించిన షుగర్ ఫ్యాక్టరీ కప్పులు కనబడ్డాయి. 2015 డిసెంబరులో అది మూతబడిన సంగతి మాత్రం ఆ బొమ్మలో లేదు. జీతం ఆగిపోయిన ఇంటి బాధ లేదు. చెరకు మానేసి వరి వేసుకున్న రైతు లెక్కలు లేవు. "మా నాయన ఇండ్లనే పనిచేసిండు అయ్యగారూ" అన్నాడు ఆ తమ్ముడు మెల్లగా. వాళ్ల ఇంటికి నేను వెళ్లి ఎన్నాళ్లయిందో ఆ క్షణం గుర్తుకొచ్చి సిగ్గుపడ్డాను.

ఇంకో మాట. ఆ చిత్రం ఈరోజుది కాదు. వేర్వేరు తేదీల్లో తీసిన బొమ్మలను అతికించి ఒకటిగా చూపిస్తారు. మనమూ మనుషులను అలాగే చూస్తున్నాం. ఎప్పుడో నవ్వుతూ కనబడిన ముఖాన్ని మనసులో పెట్టుకొని, "వాళ్లకేం, బాగానే ఉన్నారు" అనుకుంటున్నాం.

నిర్గమకాండము 3వ అధ్యాయం చదవండి. ఐగుప్తులో తన ప్రజల బాధను దేవుడు చూశాడు, వారి మొర విన్నాడు. అంతటితో ఆగలేదు, విడిపించడానికి దిగివచ్చానని మోషేతో చెప్పాడు. పైనుంచి చూడడమే చాలనుకుంటే బేత్లెహేములో పశువుల తొట్టి అవసరం ఉండేది కాదు. సమస్తం చూడగలిగినవాడే మన మధ్య కాపురముండడానికి వచ్చాడు.

కాబట్టి ఈ వారం మీరూ మన నదిని, మన చెరువులను పైనుంచి చూడండి, దేవుణ్ణి స్తుతించండి. ఆ తర్వాత, చాలా రోజులుగా మీరు గడప తొక్కని ఒక ఇంటిని అందులో వెతకండి. దొరికాక ఫోన్ జేబులో పెట్టి, నడిచి వెళ్లండి. నేను ఆ తమ్ముడి ఇంటి నుంచే మొదలుపెడుతున్నాను.

ప్రభువా, చూసి ఊరుకోకుండా దిగివచ్చిన నీ మనసు మాకు దయచేయుము. ఆమేన్.