యంత్రం మూగవోయినప్పుడు

జంషెడ్‌పూర్‌లో, టాటానగర్ స్టేషనుకు చేరువనున్న బర్మామైన్స్. అక్కడొక తెలుగు ఇల్లు, వర్షాకాలపు రాత్రి అనుకుందాం. ఉరుముతోపాటు కరెంటు పోయింది, కాసేపటికి వచ్చింది. కాని కంప్యూటరు ఉలకలేదు, పలకలేదు. అబ్బాయి పరీక్ష దరఖాస్తుకు ఆ అర్ధరాత్రే గడువు. యంత్రం చచ్చిపోయిందని ఇంటిల్లపాదీ తీర్పు చెప్పేశారు.

వైద్యుడు ముందు నాడి చూస్తాడు; వెంటనే కత్తి పట్టడు. ఇక్కడా అదే పద్ధతి. పరీక్ష గోడ దగ్గర మొదలు కావాలి. అదే ప్లగ్గులో దీపం వెలిగితే కరెంటు ఉన్నట్టే. ఆపైన తీగలు, యూపీఎస్, పెట్టె వెనుకనున్న స్విచ్చి వరుసగా చూడాలి.

ఫ్యాను తిరుగుతున్నా తెర నల్లగానే ఉంటే మానిటరు తీగనో, మెమరీ పలకనో అనుమానించాలి. ప్లగ్గు ఊడదీసి, చేతిని ఇనుప పెట్టెకు తాకించి, పలకను తీసి మళ్ళీ గట్టిగా అమర్చితే తరచుగా ప్రాణం లేచివస్తుంది.

అసలు చప్పుడే లేకపోతే, 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులకు దించే పవర్ సప్లై దెబ్బతిని ఉండవచ్చు. దానిని మార్చాలే గాని విప్పరాదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది. అది కాలిపోయినా, డిస్కులోని కాగితాలూ ఫొటోలూ సాధారణంగా భద్రమే.

మెరుపుల వేళ స్విచ్చి ఆపితే చాలదు. ప్లగ్గుతోపాటు ఇంటర్నెట్ తీగనూ ఊడదీయాలి. పిడుగు తాకిడి రెండు దారులా వస్తుంది.

ఇంతకూ ఆ ఇంట జరిగినదేమిటి? బ్యాటరీ అయిపోయి యూపీఎస్ ఆగిపోయింది. కరెంటు తిరిగివచ్చినా కొన్ని యూపీఎస్‌లు తమంతట తాము మేలుకోవు. మీట నొక్కడమే తరువాయి, తెర వెలిగింది. గడువుకు ఇంకా గంట ఉంది.