పసిపిల్లల గురకను తేలిగ్గా తీసుకోవద్దు

మూడేళ్ల బిడ్డ గుర్రుపెడితే ‘ఆడి ఆడి అలిసిపోయాడు, హాయిగా నిద్రపోతున్నాడు’ అని మురిసిపోయే ఇళ్లు మనవి. ఆ మురిపెం ప్రమాదకరం. జలుబు లేని రోజుల్లోనూ వారానికి మూడు రాత్రులు, అంతకంటే ఎక్కువ గురక వినిపిస్తే బిడ్డను డాక్టరుకు చూపించి తీరాలి. ముక్కు వెనక అడినాయిడ్లు, గొంతులో టాన్సిళ్లు పెరిగి, నిద్రలో ఊపిరికి అడ్డుపడే జబ్బు ఎక్కువగా కనిపించేది రెండు నుంచి ఎనిమిదేళ్ల మధ్యనే. ప్రతి బిడ్డ విషయంలోనూ గురక గురించి అడగాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లోనే తన వైద్యులకు చెప్పింది.

మన దగ్గర అడిగేవాళ్లేరి? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 30 రకాల ఆరోగ్య సమస్యలను వెతుకుతుంది. వాటిలో నిద్ర లేదు. అంగన్‌వాడీలో బరువు తూస్తారు, ఎత్తు కొలుస్తారు, రాత్రి ఎలా పడుకున్నాడని అడగరు. దాంతో తల్లిదండ్రులు ఫోన్లో దొరికిన ప్రశ్నావళి నింపి, వచ్చిన మార్కులు చూసి తమంతట తామే తీర్పు చెప్పుకుంటున్నారు. అడగడం మంచిదే. మార్కులను గుడ్డిగా నమ్మడమే ముప్పు.

ఎలాగో చూడండి. చాలా దేశాల్లో వాడే ‘చిల్డ్రన్స్ స్లీప్ హ్యాబిట్స్ క్వశ్చనేర్’ను జూడిత్ ఓవెన్స్ బృందం 2000లో అమెరికా పిల్లల మీద పరీక్షించి ప్రచురించింది. లెక్కలోకి వచ్చే ప్రశ్నలు 33, ఒక్కోదానికి ఒకటి నుంచి మూడు మార్కులు. ఏ ఇబ్బందీ లేని బిడ్డకు 33 వస్తాయి, 41 వస్తే అనుమానించాలి. తన మంచం మీద ఒక్కడే నిద్రపోడు, పెద్దవాళ్ల పక్కలోనే పడుకుంటాడు, గదిలో ఎవరో ఒకరు ఉండాలి, ఒంటరిగా పడుకోవాలంటే భయం. ఈ నాలుగింటికే ఎనిమిది మార్కులు అదనంగా పడతాయి. అమ్మ పక్కన కమ్మగా నిద్రపోయే మన పిల్లాడు ఏ జబ్బూ లేకుండానే 41కి చేరతాడు. అదే రోజూ గట్టిగా గురకపెట్టి, ఊపిరి ఆగి, ఎగపీల్చి లేచే బిడ్డ సంగతి? శ్వాసకు సంబంధించిన ప్రశ్నలు మూడే కాబట్టి, మిగతావన్నీ బాగుంటే 39 దగ్గరే ఆగిపోతాడు. తయారుచేసినవాళ్ల లెక్కలోనే 41 అనే ఈ హద్దు, సమస్య ఉన్న వందమందిలో 20 మందిని వదిలేసింది, లేని వందమందిలో 28 మందిని అనుమానించింది.

మొత్తం మార్కులు చూసి కంగారుపడి నిద్రమందు పోసే తల్లులకు ఒక్క మాట. మత్తు కోసం జలుబు సిరప్ పట్టొద్దు. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. నిద్ర కోసం వాడే మెలటోనిన్ కూడా డాక్టరు రాస్తేనే.

చేయాల్సింది వేరే ఉంది. పిల్లల్లో ఊపిరి అడ్డుపడటం కలల నిద్రలో ఎక్కువ, ఆ నిద్ర తెల్లవారుజామున ఎక్కువ. మనమూ నిద్రలో ఉండే వేళ అది. అలారం పెట్టుకుని లేవండి. బనీను పైకి తీసి, ముఖమూ ఛాతీ కనిపించేలా, గురక వినిపించేలా రెండు నిమిషాలు వీడియో తీయండి. నోరు తెరిచి, మెడ వెనక్కి వాల్చి పడుకున్నాడా? గాలి పీల్చేటప్పుడు పక్కటెముకల కింద లోపలికి గుంట పడుతోందా? చప్పుడు ఆగి, మళ్లీ ఒక్కసారిగా ఎగపీలుస్తున్నాడా? దిండు చెమటతో తడుస్తోందా? మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైందా? వీడియోతో పాటు ఇవన్నీ చెప్పండి. బడిలో కుదురుగా కూర్చోడని ఫిర్యాదు వస్తే అదీ చెప్పండి, నిద్ర చాలని పసివాళ్లు తూగడానికి బదులు గంతులేస్తారు.

టాన్సిళ్లు, అడినాయిడ్లు తీసే ఆపరేషన్ అంటారని భయపడి ఆగొద్దు. అమెరికాలో ఈ జబ్బున్న ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు 464 మందిపై జరిగి, 2013లో ప్రచురితమైన అధ్యయనంలో, ఆపరేషన్ చేయకుండా కనిపెట్టి చూసిన పిల్లల్లో 46 శాతం మందికి ఏడు నెలల్లో నిద్ర పరీక్ష మామూలుగా వచ్చింది, చేయించుకున్నవారిలో 79 శాతం మందికి. ఎవరికి ఏది అవసరమో తేల్చాల్సింది డాక్టరు.

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు మా విజ్ఞప్తి: అంగన్‌వాడీ రిజిస్టరులోనూ, టీకా రోజునా గురక గురించి ఒక్క ప్రశ్న చేర్చండి. అవునన్న బిడ్డను, మొత్తం మార్కులతో నిమిత్తం లేకుండా, పిల్లల డాక్టరు దగ్గరికి పంపండి.